హోమ్‌లో ఉన్న మన పెద్దవాళ్ళని సరిగ్గా చూస్తున్నారో లేదో ఎలా కనిపెట్టాలి, తేడా ఉంటే ఏం చెయ్యాలి: వైజాగ్ వాళ్ళ కోసం వివరంగా

మా పెద్దమ్మని ఆనందపురం వైపు ఒక ఓల్డేజ్ హోమ్‌లో చేర్చాక రెండేళ్ళపాటు ప్రతి ఆదివారం సాయంత్రం 4 గంటలకి వెళ్ళేవాళ్ళం. ఎప్పుడు వెళ్ళినా శుభ్రంగా స్నానం చేయించి, మొహానికి పౌడర్ రాసి, ఉతికిన చీర కట్టి వరండాలో కుర్చీలో కూర్చోబెట్టి ఉంచేవారు, "ఎలా ఉన్నావు పెద్దమ్మా" అంటే "బాగానే చూస్తన్నార్రా, నాకేటీ లోటు లేదు" అనేది, మేము అరటిపళ్ళూ బిస్కెట్లూ ఇచ్చి ఒక గంట కూర్చుని వచ్చేసేవాళ్ళం. ఒక వారం ఆదివారం పెళ్ళి ఉండి కుదరక బుధవారం పొద్దున్న తొమ్మిదిన్నరకి వెళ్ళా. ఆవిడ మంచం మీదే ఉంది, రాత్రి వేసిన డైపర్ ఇంకా మార్చలేదు, దుప్పటి తడిసి ఆరి మళ్ళీ తడిసింది, మంచినీళ్ళ జగ్గు కిటికీ గట్టు మీద ఉంది, ఆవిడ చెయ్యి అక్కడిదాకా అందదు. పక్కకి తిప్పి చూస్తే నడుం కింద, వెన్నెముక చివర, రూపాయి బిళ్ళంత పుండు. రెండేళ్ళలో మేం ఒక్కసారి కూడా ఆవిడ వీపు చూడలేదు.

అక్కడ ఆవిడని ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. చెయ్యాల్సినవి చెయ్యకుండా వదిలేశారు, అంతే. నిర్లక్ష్యం అంటే ఎక్కువసార్లు ఇలాగే ఉంటుంది, గట్టిగా చప్పుడు చెయ్యదు, ఇవాళ నీళ్ళు అందలేదు, రేపు తిప్పి పడుకోబెట్టలేదు, ఎల్లుండి మాత్ర మర్చిపోయారు, ఇలా పోగవుతూ పోతుంది. అందుకే దాన్ని పట్టుకోవాలంటే మనకి ఎక్కడ చూడాలో, ఎప్పుడు చూడాలో తెలియాలి. అప్పట్నుంచి నేను నేర్చుకున్నవి, డాక్టర్లనీ నర్సులనీ ఆయాలనీ అడిగి తెలుసుకున్నవి అన్నీ ఒకచోట రాస్తున్నా.

ఒకటి ముందే చెప్పాలి, హోమ్‌లో పెట్టడం తప్పు అని నేను అనను. పిల్లలు హైదరాబాద్‌లోనో బెంగుళూరులోనో అమెరికాలోనో ఉంటే, ఇక్కడ ఇంట్లో ఒక్కళ్ళే పడిపోయి రాత్రంతా నేల మీద ఉండిపోవడం కన్నా మంచి హోమ్ నయం. బాగా చూసుకునే హోములు కూడా వైజాగ్‌లో చూశాను. కాకపోతే చేర్చేసి నెలనెలా డబ్బులు పంపిస్తే మన పని అయిపోయినట్టు కాదు.

స్టెప్ 1: చేర్చకముందే రెండుసార్లు వెళ్ళండి, రెండోసారి చెప్పకుండా

మొదటిసారి ఎలాగూ ఫోన్ చేసే వెళ్తాం, మేనేజర్ దగ్గరుండి తిప్పి చూపిస్తారు, టీవీ హాలు, పూజగది, తోట అన్నీ బాగుంటాయి. రెండోసారి మాత్రం పొద్దున్న 7కో రాత్రి 8 తర్వాతో వెళ్ళండి. లోపలికి రానివ్వకపోతే ఎందుకు రానివ్వట్లేదో అడగండి, పెద్దవాళ్ళు పడుకునే టైమ్ అంటే ఒప్పుకోవచ్చు, కానీ ఆఫీసు గదిలో కూర్చుని మాట్లాడ్డానికి కూడా వీల్లేదంటే నేనైతే అక్కడ చేర్చను.

లోపలికి వెళ్ళాక గోడల రంగులు కాదు, అక్కడ ఇప్పటికే ఉన్నవాళ్ళని చూడండి. గోళ్ళు కత్తిరించి ఉన్నాయా, కళ్ళజోడు అద్దాలు తుడిచి ఉన్నాయా, పళ్ళసెట్టు ఉన్నవాళ్ళకి అది నోట్లో ఉందా లేక డబ్బాలో ఉందా, మధ్యాహ్నం 12కి కూడా అందరూ మంచాల మీదే ఉన్నారా. కాస్త మూత్రం వాసన ఎక్కడైనా ఉంటుంది, ఒక గదిలో వస్తే అప్పుడే ఎవరికో మార్చాల్సి ఉందని అర్థం, బిల్డింగ్ మొత్తం వస్తే అది రోజూ ఉండేదే. ఫినాయిల్ వాసన మరీ ముక్కు పగిలేలా కొట్టినా నాకు అనుమానమే.

అడగాల్సిన ప్రశ్నల్లో అన్నిటికన్నా ముఖ్యమైంది ఒకటుంది: రాత్రి పది తర్వాత ఎంతమంది పెద్దవాళ్ళకి ఎంతమంది మెలకువగా ఉంటారు? పగలు లెక్క అందరూ చెప్తారు, రాత్రి లెక్క అడిగితే కొందరు తడబడతారు. వాచ్‌మెన్‌ని లెక్కలో కలపనివ్వకండి. తర్వాత, నర్సు అంటే నిజంగా నర్సింగ్ చదివినవాళ్ళా లేక యూనిఫాం వేసిన ఆయాలా, డాక్టర్ వారానికి ఎన్నిసార్లు వస్తారు, అర్ధరాత్రి ఛాతీలో నొప్పి వస్తే ఏ హాస్పిటల్‌కి తీసుకెళ్తారు, ఎవరు వెంట వెళ్తారు, అప్పుడు మిగతావాళ్ళ దగ్గర ఎవరుంటారు. మంచం పక్కన పిలవడానికి బెల్లు ఉంటే ఒకసారి మీరే నొక్కి ఎంతసేపటికి వస్తారో చూడండి.

ఇంకోటి మన ఊరికి ప్రత్యేకంగా అడగాల్సింది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు వైజాగ్‌లో రోజుల తరబడి కరెంటు లేదు, నీళ్ళకీ పాలకీ జనం క్యూలు కట్టారు, ఫోన్లు పనిచెయ్యలేదు. మంచం దిగలేని మనిషికి అలాంటి వారం ఎలా ఉంటుందో ఆలోచించండి. జనరేటర్ ఉందా, డీజిల్ ఎన్ని రోజులకి ఉంటుంది, మోటారు ఆడకపోతే నీళ్ళు ఎక్కణ్ణుంచి వస్తాయి, ఇన్సులిన్ ఏ ఫ్రిజ్‌లో పెడతారు, లిఫ్ట్ ఆగితే మూడో అంతస్తు నుంచి వీల్‌చైర్ మనిషిని కిందకి ఎలా దింపుతారు అని అడగండి. జవాబు చెప్పే తీరులోనే వాళ్ళు ఎప్పుడైనా ఆ సంగతి ఆలోచించారో లేదో తెలిసిపోతుంది.

నెలకి ఎంత, అందులో ఏమేం కలుపుతారు, డైపర్లు మందులు వేరేనా, ఫిజియో వస్తారా, అడ్వాన్స్ తిరిగిస్తారా, అన్నీ కాగితం మీద రాయించుకోండి. డబ్బులు ఎలా కట్టినా రసీదు తీసుకోండి. ఈ రసీదులు ఎందుకో కింద చెప్తా.

స్టెప్ 2: చేర్చిన రోజే ఒక నోట్‌బుక్ మొదలుపెట్టండి

మామూలు 100 పేజీల నోట్‌బుక్ చాలు. మొదటి పేజీలో ఆ రోజు తేదీ, బరువు, వేసుకునే మందులన్నీ మోతాదుతో సహా, ఒంటి మీద అప్పటికే ఉన్న మచ్చలు, పుండ్లు, ఎంతవరకు నడవగలరు, ఎవరి సాయం లేకుండా ఏమేం చేసుకోగలరు రాయండి. చేర్చిన రోజే ఒక ఫొటో తీసి పెట్టుకోండి. ఆర్నెల్ల తర్వాత "ఈవిడ వచ్చినప్పుడే ఇలా ఉందండి" అని ఎవరైనా అంటే మన దగ్గర జవాబు ఉండాలి, మేం అప్పుడు నోళ్ళు వెళ్ళబెట్టాం, ఎందుకంటే ఒక్క ముక్క కూడా రాసిపెట్టుకోలేదు.

ఇంకో కాగితం మీద పెద్ద అక్షరాలతో అలవాట్లు రాసి బీరువాకి లోపలివైపు అతికించండి. మా పెద్దమ్మ కాగితంలో ఇలా ఉంటుంది: కుడి చెవి వినపడదు, ఎడమవైపు నుంచి మాట్లాడండి. పొద్దున్నే చోడంబలి (రాగి అంబలి) ఇష్టం, ఇడ్లీ గొంతు దిగదు. గ్లాసు నిండా నీళ్ళిస్తే భయపడుతుంది, సగం గ్లాసు చొప్పున ఇవ్వండి. రాత్రి లైటు మొత్తం ఆపకండి. కొత్తగా డ్యూటీకి వచ్చిన ఆయాకి ఈ నాలుగు ముక్కలు చాలా ఉపయోగం, మా పెద్దమ్మ ఒక మంచం నంబర్ కాకుండా ఒక మనిషిగా కనిపిస్తుంది.

స్టెప్ 3: ఒకే రోజు ఒకే టైమ్‌కి వెళ్ళకండి

మేం చేసిన పెద్ద తప్పు ఇదే. ఆదివారం 4 గంటలు అని వాళ్ళకి తెలుసు, దానికి తగ్గట్టు తయారు చేసి కూర్చోబెట్టేవారు. చూడాల్సిన టైములు మూడు: పొద్దున్న 7 నుంచి 9 మధ్య (రాత్రంతా ఎలా గడిచిందో మంచం చెప్తుంది), భోజనం టైమ్, రాత్రి భోజనం అయ్యాక. వారానికి ఒక్కసారే కుదిరినా పర్లేదు, ఆ ఒక్కసారి మారుస్తూ ఉండండి.

ఊళ్ళో లేనివాళ్ళు చుట్టాల్ని, పాత పక్కింటివాళ్ళని, నాన్నగారితో స్టీల్ ప్లాంట్‌లోనో పోర్టులోనో పనిచేసిన వాళ్ళని అడిగి వంతులు వేసుకోండి, అడిగితే చాలామంది వెళ్తారు, మనమే మొహమాటపడి అడగం. సింహాచలం దర్శనానికి వెళ్ళొస్తూ దారిలో ఓ పావుగంట ఆగమని చెప్పినా చాలు. ఇక వీడియో కాల్‌లో మొహం ఒక్కటే చూసి పెట్టేయకండి, "ఫోన్ కొంచెం కిందకి దించండి, కాళ్ళు చూపించండి, మంచం పక్కన నీళ్ళు ఉన్నాయా చూపించండి" అని మర్యాదగా అడగండి. మొదట రెండుసార్లు చిరాకు పడతారు, తర్వాత అలవాటవుతుంది.

స్టెప్ 4: ఒంటిని చూడండి

అన్నిట్లోకీ ఎక్కువ పనికొచ్చేది ఇదే, మనం ఎక్కువ సిగ్గుపడేదీ ఇదే. అమ్మ ఒళ్ళు కొడుకు ఎలా చూస్తాడు అంటారు, నిజమే, కూతురో కోడలో చెల్లెలో చూడాలి, నాన్నగారికైతే కొడుకో అల్లుడో. తలుపు వేసి, "ఒకసారి వీపు చూస్తానమ్మా, నొప్పేమైనా ఉందేమో" అని అడిగి, వద్దంటే ఆగి, మళ్ళీ అడిగి చూడండి. బట్టలు మార్చే టైమ్‌కి వెళ్తే విడిగా విప్పాల్సిన పని ఉండదు.

మొదట నోరు. పెదాలు పగిలి నాలుక ఎండిపోయి ఉంటే నీళ్ళు సరిగ్గా తాగట్లేదని ఒక సూచన. మూత్రం ముదురు రంగులో ఉండటం, రోజంతా డైపర్ పెద్దగా తడవకపోవడం, లేవగానే కళ్ళు తిరగడం కూడా అంతే. చేతి మీద చర్మం లాగి వదిలి చూడటం చిన్నపిల్లలకి పనికొస్తుంది కానీ పెద్దవాళ్ళకి చర్మం ఎలాగూ వదులుగా ఉంటుంది, దాన్ని నమ్ముకోకండి. మన సముద్రం ఊరి ఉక్కపోతలో ఫ్యాన్ కింద పడుకున్నా చెమట పోతూనే ఉంటుంది, వయసు మీదపడ్డాక దాహం తెలియదు, అడిగితే "వద్దులే" అంటారు, అందుకని ఎవరో ఒకరు గంట గంటకీ గ్లాసు చేతికివ్వాలి. నోరు తెరిచినప్పుడు చిగుళ్ళు, పళ్ళ మధ్య పాచి కూడా చూడండి, పళ్ళు తోమించడం చాలాచోట్ల ముందు మానేసే పని.

తర్వాత పడకపుండ్లు. ఎముకకీ పరుపుకీ మధ్య చర్మం నలిగి రక్తం ఆడక వస్తాయి, కాబట్టి ఎముక పొడుచుకొచ్చే చోట్లే చూడాలి: నడుం కింద వెన్నెముక చివర, తుంటి రెండు పక్కలా, మడమలు, చీలమండలు, మోచేతులు, భుజాల వెనక, తల వెనక. మొదట పుండు ఉండదు, ఎర్రగా ఉంటుంది అంతే. వేలితో నొక్కి వదిలితే ఆ ఎరుపు పాలిపోయి మళ్ళీ వస్తే ఇంకా పర్లేదు, నొక్కినా రంగు మారకుండా అలాగే ఉంటే పుండు మొదలైనట్టే. అయితే మన చామనఛాయ ఒంటి మీద ఎరుపు కనపడదు, అందుకే చాలామందికి ఆలస్యంగా తెలుస్తుంది. అక్కడ చర్మం చుట్టుపక్కల కన్నా ఇంకా నల్లగా లేదా ఊదాగా ఉందా, ముట్టుకుంటే వేడిగా గానీ గట్టిగా గానీ మెత్తగా గానీ తగులుతోందా, అక్కడ తగిలితే ఉలిక్కిపడుతున్నారా చూడాలి.

సొంతంగా కదల్లేని మనిషిని మంచం మీద సుమారు రెండు గంటలకోసారి పక్క మార్చాలి. ఎయిర్ బెడ్ వేశాం కాబట్టి తిప్పక్కర్లేదు అని కొన్నిచోట్ల చెప్తారు, అది నిజం కాదు, ఎయిర్ బెడ్ ఉన్నా తిప్పాలి. అది సరిగ్గా గాలి పట్టి ఉందో లేదో కూడా చెయ్యి పెట్టి చూడండి, స్విచ్ ఆపేసిన ఎయిర్ బెడ్ మీద పడుకున్న ఒక తాతగారిని నా కళ్ళతో చూశాను. కాళ్ళ కింద దిండు పెట్టేటప్పుడు పిక్కల కింద పెట్టాలి, మడమలు గాల్లో ఉండాలి. మధ్యలో బెజ్జం ఉన్న గుండ్రటి దిండ్లు వద్దనే ఇప్పుడు డాక్టర్లు చెప్తున్నారు, బెజ్జం చుట్టూ ఒత్తిడి పడి ఇంకా పాడవుతుంది. రంగు మారిన చోట రుద్దకూడదు. తెగిన పుండు మీద పసుపూ డెట్టాలూ పొయ్యకుండా డాక్టర్‌కి చూపించాలి, పైకి చిన్నగా కనపడే పుండు లోపల చాలా లోతు ఉండొచ్చు.

డైపర్ దగ్గర చర్మం, తొడల మధ్య, రొమ్ముల కింద మడతల్లో ఎర్రగా పాచిపోయినట్టు ఉంటే తడి ఎక్కువసేపు ఉంటోందని. దీనికి ఖరీదైన క్రీములకన్నా తరచుగా మార్చి, కడిగి, పొడిగుడ్డతో అద్ది ఆరబెట్టడమే ముఖ్యం. ఖర్చు తగ్గుతుందని రోజుకి రెండే డైపర్లు వాడే చోట్లు ఉన్నాయి, మీరు ఇచ్చిన ప్యాకెట్లో ఎన్ని మిగిలాయో లెక్కపెడితే తెలిసిపోతుంది. ప్యాకెట్ అనుకున్నదాని కన్నా మెల్లగా అయిపోతుంటే మనకి ఆదా అని సంబరపడకండి.

కమిలిన మచ్చలు గురించి తొందరపడి ఎవర్నీ అనకండి. రక్తం పల్చబడే మందులు వాడేవాళ్ళకి చిన్న దెబ్బకే ముంజేతుల మీద కములుతుంది. కానీ పైచేతికి వేళ్ళ గుర్తుల్లాగా ఉంటే అది గట్టిగా పట్టుకున్న గుర్తు కావచ్చు, రెండు మణికట్ల చుట్టూ గీతలా ఉంటే మంచానికి కట్టేసిన గుర్తు కావచ్చు. "పడిపోతారని కట్టామండి" అంటారు. కట్టిన మనిషి విడిపించుకోబోయి ఇంకా ఘోరంగా పడొచ్చు, పడకపుండ్లూ వస్తాయి, మంచం ఎత్తు తగ్గించడం, కింద పరుపు వెయ్యడం, రాత్రి లైటు, పక్కన మనిషి, ఇవి అసలు మార్గాలు.

చివరగా బరువు. నెలకోసారి తూచి నోట్‌బుక్‌లో రాయండి, హోమ్‌లో మిషన్ లేకపోతే మీరే ఒకటి కొని ఇవ్వండి. నెలలో 5 శాతం, ఆర్నెల్లలో 10 శాతం తగ్గితే డాక్టర్‌కి చూపించి తీరాలి. అంటే 50 కిలోల మనిషి ఒక నెలలో రెండున్నర కిలోలు తగ్గడం. చీర కట్టులో రెండున్నర కిలోలు కనపడవు, జాకెట్టు వదులైందనో గాజులు మోచేతి దాకా వెళ్తున్నాయనో ఎప్పటికో గమనిస్తాం.

స్టెప్ 5: భోజనం టైమ్‌కి ఒక అరగంట ఉండండి

కంచంలో ఏం పెట్టారన్నది సగమే, అది నోట్లోకి వెళ్ళిందా అన్నది అసలు సంగతి. చేతులు వణికే మనిషి ముందు కంచం పెట్టి వెళ్ళిపోయి, ఇరవై నిమిషాల తర్వాత వచ్చి "తినలేదండీ, ఆకలి లేదంట" అని తీసుకెళ్ళిపోవడం నేను చూశాను. తినిపించేటప్పుడు కూర్చోబెట్టి తినిపించాలి, పడుకోబెట్టి గంజి పొయ్యకూడదు, తిన్నాక ఒక అరగంట అలాగే కూర్చోనివ్వాలి, లేకపోతే పొరపోయి ఊపిరితిత్తుల్లోకి వెళ్ళి న్యుమోనియా రావచ్చు. తింటూ తరచుగా దగ్గుతుంటే, గొంతు గరగరలాడుతుంటే మింగడంలో ఇబ్బంది ఉందని డాక్టర్‌కి చెప్పాలి.

మందుల దగ్గర రెండు చూడండి. ఒకటి, స్ట్రిప్పులు లెక్కపెట్టడం: ఒకటో తారీఖున 30 ఇస్తే పదో తారీఖుకి 20 ఉండాలి, 26 ఉంటే వెయ్యట్లేదు. రెండోది టైమ్: షుగర్ మాత్ర వేసేసి అన్నం గంట ఆలస్యంగా పెడితే షుగర్ పడిపోయి చెమటలు పట్టి, వణుకొచ్చి, తికమకగా మాట్లాడి పడిపోవచ్చు. ఇంకా, మునుపు బాగానే మాట్లాడే మనిషి ఎప్పుడు వెళ్ళినా మత్తుగా నిద్రలో ఉంటే, మీకు తెలియకుండా నిద్రమాత్రలు వేస్తున్నారేమో అడగండి. రాత్రి గొడవ చెయ్యకుండా ఉంటారని అలా వేసే చోట్లు ఉన్నాయి. ఏ కొత్త మందైనా డాక్టర్ చీటీ చూపించే వెయ్యాలని మొదటి రోజే చెప్పండి.

స్టెప్ 6: "ఎలా ఉన్నావు" అని అడగకండి

ఆ ప్రశ్నకి మన పెద్దవాళ్ళ దగ్గర ఒకటే జవాబు, బాగానే ఉన్నాను. పిల్లల్ని ఇబ్బంది పెట్టకూడదని కొందరు, చెప్తే మనం వెళ్ళాక ఎవరైనా ఏమైనా అంటారేమోనని కొందరు, ఇక్కణ్ణుంచి తీసేస్తే ఎక్కడ పెడతారోనని కొందరు. మా పెద్దమ్మని తర్వాత అడిగితే "మీరు ఆదివారం నవ్వుకుంటా వస్తన్నారు, ఆ నవ్వు ఎందుకు పాడుచెయ్యాలని" అంది.

అందుకని చిన్న చిన్నవి అడగండి. రాత్రి బాత్రూమ్‌కి వెళ్ళాలంటే ఎవర్ని పిలుస్తావు? పిలిస్తే ఎంతసేపటికి వస్తారు? నిన్న మధ్యాహ్నం కూరేంటి? తల స్నానం ఏ రోజు చేయించారు? ఎవరైనా గట్టిగా మాట్లాడతారా? హోమ్ వాళ్ళు పక్కనుంటే ఇవి అడగొద్దు, బయట చెట్టు కిందకో, వీలైతే కారెక్కించి బీచ్ రోడ్డుకో భీమిలి వైపుకో తీసుకెళ్ళి అడగండి. ఒక ఫలానా మనిషి గదిలోకి రాగానే మాట ఆపేస్తే, కళ్ళు దించుకుంటే అది గుర్తుపెట్టుకోండి.

మతిమరుపు జబ్బు ఉన్నవాళ్ళు చెప్పేది కూడా కొట్టిపారేయకండి. నిన్న ఎవరొచ్చారో గుర్తుండకపోవచ్చు, కానీ భయం, నొప్పి గుర్తుంటాయి. ముట్టుకోగానే ముడుచుకుపోతే అది కూడా చెప్పడమే.

స్టెప్ 7: ఆయాలతో మనుషుల్లా మాట్లాడండి

మొదట్లో నాకు వాళ్ళమీద చాలా కోపం వచ్చింది. తర్వాత అక్కడ పనిచేసే ఒకమ్మాయితో మాట్లాడితే తెలిసింది, రాత్రి డ్యూటీలో తనొక్కతే 14 మందిని చూస్తుందంట, వాళ్ళలో ఆరుగురు మంచం దిగలేనివాళ్ళు. ఆరుగుర్ని రెండు గంటలకోసారి తిప్పాలంటే, మిగతా ఎనిమిది మంది పిలిస్తే పలకాలంటే, ఒక్క మనిషి ఎలా చేస్తుంది? చాలాచోట్ల నిర్లక్ష్యం అక్కడ మొదలవుతుంది, ఆయా దగ్గర కాదు, ఎంతమందిని పెట్టాలో నిర్ణయించిన వాళ్ళ దగ్గర.

కాబట్టి పేరు పెట్టి పిలవండి, తిన్నావా అమ్మా అని అడగండి, వాళ్ళు చేసిన మంచిని మేనేజర్ ముందు చెప్పండి. నడుం ఎలా పట్టుకుని తిప్పాలో వాళ్ళ దగ్గర నేర్చుకోండి, మీకు తెలిసింది చెప్పండి. మన ఒక్కరికే బాగా చూడమని చేతిలో నోటు పెట్టే పద్ధతి మాత్రం నాకు నచ్చదు, మనకిచ్చిన టైమ్ అడిగే దిక్కు లేని పక్కమంచం మనిషి దగ్గర్నుంచి తీసుకున్నదే. దానికన్నా అక్కడున్నవాళ్ళ కుటుంబాలన్నీ కలిసి ఒక వాట్సాప్ గ్రూప్ పెట్టుకుని, రాత్రికి ఇంకో మనిషిని పెట్టమని అందరూ కలిసి అడగడం మేలు. మేమలా తొమ్మిది కుటుంబాలం అడిగితే నెలలో ఇంకొకళ్ళని పెట్టారు. పైగా ఎవరు వెళ్ళినా మిగతావాళ్ళని కూడా ఒకసారి పలకరించి వస్తాం, ఎవరూ రాని ఇద్దరు ముగ్గురు ఎప్పుడూ ఉంటారు.

స్టెప్ 8: జబ్బా, నిర్లక్ష్యమా

అన్నిటికీ హోమ్‌ని అనడం కూడా న్యాయం కాదు. మతిమరుపు జబ్బు ముదిరితే ఎంత బాగా చూసినా బరువు తగ్గుతారు, ఆఖరి దశలో ఉన్నవాళ్ళకి ఎంత తిప్పినా కొన్నిసార్లు పుండ్లు వస్తాయి, నడిచే మనిషి ఎప్పుడైనా పడొచ్చు. తేడా ఎక్కడ తెలుస్తుందంటే, వాళ్ళకి ఆ సంగతి మనకన్నా ముందు తెలుసా, తెలిసినరోజే మనకి ఫోన్ చేశారా, డాక్టర్‌కి చూపించారా, రాసిపెట్టారా. పుండు ఉందని మీరు చూపిస్తేగానీ వాళ్ళకి తెలియకపోతే, ఆ పుండు ఎన్ని రోజులదో చెప్పలేకపోతే, అది నిర్లక్ష్యం.

ఒకటి మాత్రం ఆగకూడనిది: ఒకటి రెండు రోజుల్లో ఉన్నట్టుండి మనిషి తికమకగా మాట్లాడటం, మనల్ని గుర్తుపట్టకపోవడం, లేదా మరీ మందంగా అయిపోవడం. "వయసు కదండీ" అంటారు. వయసు రెండు రోజుల్లో రాదు. మూత్రంలో ఇన్ఫెక్షన్, ఒంట్లో నీళ్ళు తగ్గడం, షుగర్ పడిపోవడం, సోడియం తగ్గడం, మందు పడకపోవడం, ఇలాంటి కారణం ఏదో ఉంటుంది, ఆ రోజే హాస్పిటల్‌లో చూపించాలి.

స్టెప్ 9: తేడా కనిపించిన రోజు

ప్రాణం మీదకొచ్చేలా ఉంటే మాట్లాడుకోవడాలు తర్వాత, ముందు 108కి ఫోన్ చేసి కేజీహెచ్‌కో దగ్గర్లో ఉన్న హాస్పిటల్‌కో తీసుకెళ్ళండి. దెబ్బలు అనుమానంగా ఉంటే క్యాజువాలిటీలో డాక్టర్‌కి ఆ మాట స్పష్టంగా చెప్పి ఎంఎల్‌సీ (పోలీసులకి తెలియజేసే మెడికో-లీగల్ కేసు) రాయమనండి, కాగితాలన్నీ జెరాక్స్ తీసి పెట్టుకోండి. ఎవరైనా కొడుతున్నారు, కట్టేస్తున్నారు అని తెలిస్తే 112కి ఫోన్ చేసి పోలీసుల్ని పిలవండి.

అంత అత్యవసరం కాకపోతే ఈ వరసలో వెళ్ళండి. ఆ రోజే ఫొటోలు తియ్యండి, పుండు పక్కన స్కేలు గానీ రూపాయి బిళ్ళ గానీ పెట్టి తీస్తే సైజు తెలుస్తుంది. నోట్‌బుక్‌లో తేదీ, టైమ్, ఏం చూశారు, అక్కడ ఎవరున్నారు, ఏమన్నారు రాయండి. మేనేజర్‌తో కూర్చుని, అరవకుండా, ఫలానా తేదీ ఫలానాది చూశాను, ఏం చేస్తారు, ఎప్పట్నుంచి చేస్తారు అని అడగండి, మాట్లాడుకున్నది అదే రోజు వాట్సాప్‌లోనో మెయిల్‌లోనో పంపండి. పక్క మార్చిన టైములు రాసే చార్టు మంచం దగ్గర పెట్టమనండి. వారం చూడండి, కానీ ఆ వారంలో మీరు కనీసం మూడుసార్లు వెళ్ళండి.

మారకపోతే 14567కి ఫోన్ చెయ్యండి. అది వయోవృద్ధుల కోసం దేశమంతా ఉన్న ఎల్డర్‌లైన్, డబ్బులు పడవు, పొద్దున్న 8 నుంచి రాత్రి 8 దాకా, తెలుగులో మాట్లాడతారు. రాతపూర్వకంగా అయితే వయోవృద్ధుల సంక్షేమం చూసే జిల్లా ఆఫీసుకి, లేదా సోమవారాల్లో మహారాణిపేటలో కలెక్టరేట్‌లో ప్రజల ఫిర్యాదులు తీసుకునే పీజీఆర్ఎస్‌లో అర్జీ ఇవ్వండి, అర్జీకి నంబర్ ఇస్తారు, అది దాచుకోండి.

డబ్బులు కట్టే హోమ్ అయితే మీరు వినియోగదారులే. సేవాలోపం మీద జిల్లా వినియోగదారుల కమిషన్‌కి రెండేళ్ళలోపు వెళ్ళొచ్చు, కట్టిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు లేదు, హెల్ప్‌లైన్ 1915. ఇందుకే రసీదులు, అగ్రిమెంట్ దాచమన్నా. పూర్తిగా ఉచితంగా నడిచే ఆశ్రమాల మీద ఈ దారి పనిచెయ్యదు. లాయర్‌కి డబ్బుల్లేకపోతే న్యాయసేవాధికార సంస్థ నంబర్ 15100.

చట్టం గురించి ఒక పొరపాటు చాలామందికి ఉంది. 2007 తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం కింద ఆర్డీవో దగ్గర ఉండే ట్రిబ్యునల్ ప్రధానంగా పిల్లల నుంచి, వారసుల నుంచి పోషణ ఇప్పించడానికి, హోమ్‌ల మీద ఫిర్యాదులకి కాదు. కానీ అదే చట్టంలో 24వ సెక్షన్ ఉంది, 60 ఏళ్ళు దాటిన మనిషిని చూసుకోవాల్సినవాళ్ళు పూర్తిగా వదిలించుకుందామని ఎక్కడైనా వదిలేసి వెళ్తే 3 నెలల దాకా జైలు లేదా 5 వేల దాకా జరిమానా లేదా రెండూ. హోమ్‌లో చేర్చి ఫోన్ నంబర్ మార్చేసిన పిల్లలకి ఈ సంగతి ఎవరైనా చెప్పాలి. ఆస్తి రాయించుకుని చూడకుండా వదిలేస్తే, చూసుకుంటామన్న షరతుతో రాసిన ఆ రిజిస్ట్రేషన్‌ని 23వ సెక్షన్ కింద రద్దు చేయించుకునే వీలు కూడా ఉంది.

స్టెప్ 10: మార్చాల్సి వస్తే

కోపంలో అదే సాయంత్రం సూట్‌కేసు సర్దేయకండి, ప్రమాదం ఉంటే తప్ప. కొత్తచోటు స్టెప్ 1 ప్రకారం చూసుకుని, ఆవిణ్ణి అడిగి, వీలైతే ముందు ఒకసారి తీసుకెళ్ళి చూపించి, అప్పుడు మార్చండి. పాత హోమ్ నుంచి మందుల లిస్టు, రిపోర్టులు, అడ్వాన్స్ లెక్క తెచ్చుకోండి. పాత దుప్పటి, గ్లాసు, దేవుడి ఫొటో మంచం దగ్గర అలాగే పెట్టండి, మతిమరుపు ఉన్నవాళ్ళు కొత్తచోట మొదట్లో ఇంకా తికమకపడతారు, మొదటి రెండు వారాలు రోజూ ఎవరో ఒకరు ఉండేలా చూసుకోండి.

మా పెద్దమ్మని పెందుర్తి వైపు చిన్న హోమ్‌కి మార్చాం, అక్కడ 11 మందే ఉంటారు. పుండు పూర్తిగా మానడానికి నాలుగు నెలలు పట్టింది. నీళ్ళ గ్లాసు ఇప్పుడు కుడిచేతి పక్కన స్టూలు మీద ఉంటుంది, వెళ్ళగానే ముందు అందులో నీళ్ళు ఎంత ఉన్నాయో చూస్తాను.